“మీ ఆవిడని తీసుకురాలేదేం?”

హలో… ఆ, నేనే వదినా. వినపడుతోందా? మూతి వాచింది, మాట సరిగా రావడం లేదు. ముందు కూర్చో. … కూర్చున్నావా?

అన్నయ్య బతికే ఉన్నాడు. ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. … తలకి. … కాదు, యాక్సిడెంట్ కాదు. కొట్టారు. సదస్సులోనే, స్టేజీ మీదే, అంతమంది డాక్టర్లు చూస్తుండగానే.

… ఎవరో కాదు. మా పేషెంటు భర్త. ఎముకల గూడులా వచ్చిందని, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పట్టించి మనిషిని చేశామని అన్నయ్య ఇంట్లో కూడా చెప్పుకుని మురిసిపోయాడే — ఆవిడ. ఇవాళ దేశదేశాల వాళ్లకి చూపించింది ఆవిడ ఫొటోలే. ముందు ఎలా ఉండేది, తర్వాత ఎలా అయింది. చప్పట్లు మోగిపోయాయి. అప్పుడు ఆ భర్తని పైకి పిలిచాడు… ఆ, అన్నయ్యే రప్పించాడు, రెండు ముక్కలు మాట్లాడమని. మైకు చేతికిచ్చి, భుజం మీద చెయ్యేసి, “మీ ఆవిడని తీసుకురాలేదేం?” అన్నాడు.

… చచ్చిపోయింది వదినా. గొట్టంతోనే ఇంటికి పంపించాం కదా, అది జారింది. పోసిందంతా ఊపిరితిత్తుల్లోకి పోయింది. అతను అన్నయ్యకి ఫోన్ మీద ఫోన్ చేశాడట, ఇందాక అతనే చెప్పాడు నాకు. … ఎత్తలేదు. సదస్సు పనిలో తలమునకలై ఉన్నాడుగా. తర్వాత ఆవిడ ఎలా ఉందని మాలో ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు. మొన్న ఆస్పత్రి ఆఫీసువాళ్లు సదస్సుకి రమ్మంటే, వస్తానన్నాడట. అంతే.

… “చచ్చిపోయింది” అన్నాడు మైకులో, అంతే. మైకు స్టాండు ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బకే అన్నయ్య కూలిపోయాడు. పడ్డవాణ్ణి మళ్లీ మళ్లీ కొట్టాడు. కింద పడ్డ మైకులోంచి ఆ చప్పుడు హాలంతా వినపడింది.

… పట్టుకోవడం కాదు, మీద పడ్డారు. మెడలో బ్యాడ్జీలు వేసుకున్న డాక్టర్లు, బూటుకాళ్లతో. అతను చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. నోట్లోంచి నెత్తురు బుడగలు కక్కుతుంటే, “ఇంకా తన్నండి” అన్నది మా విభాగం పెద్దాయన. నేనెళ్లి అతని మీద బోర్లా పడ్డాను. … ఆ, అడ్డంగానే. లేకపోతే చంపేసేవాళ్లు. నా పక్కటెముకలు విరిగాయి. ఈ మూతి వాపు కూడా మావాళ్ల చలవే.

… తిట్టు, పడతాను. … అన్నయ్యని గాలికొదిలేసి కాదు వదినా. అన్నయ్య చుట్టూ డాక్టర్లున్నారు. అతనికి ఎవరున్నారు?

… పోలీసులకి ఏమని చెప్పాలి? తాగి వచ్చాడనా? … పిచ్చివాడనా? … లేదు, ఆ మాట నా నోట రాదు. అతను కొట్టింది చెప్తాను. ఎందుకు కొట్టాడో చెప్తాను. మావాళ్లు తన్నిందీ చెప్తాను. … సరే. గడప తొక్కొద్దంటే తొక్కను. … తోడబుట్టినవాణ్ణే, కాదన్నానా?

… ఆ, కాసేపు తెలివొచ్చింది, స్ట్రెచర్ మీద. … లేదు, నీ గురించి అడగలేదు. అబద్ధమెందుకు ఆడాలి. నా చొక్కా పట్టుకుని, “ఆవిడ ఎప్పుడు పోయిందిరా?” అన్నాడు. అదే మాట, మళ్లీ మళ్లీ.

— వదినా… ఉన్నావా?

… ఉండు, ఆపరేషన్ గది తలుపు తీశారు. …

… బతుకుతాడట. కుడి కన్ను దక్కదు. మనిషి దక్కాడు. … ఏడువు, ఏడువు. … ముందు నువ్వు బయల్దేరి రా. కళ్లు తెరిచేసరికి పక్కన నువ్వుండాలి. … నేనా? నన్ను పిలుస్తున్నారు. … ఆ, పోలీసులే. … వింటున్నా వదినా. … లేదు. మాట మార్చను. పెట్టేస్తున్నా.