నలభై మూడో సంతకం

పిస్కాటవేలో శనివారం పొద్దున తొమ్మిదిన్నర. గౌరీశంకర్ గారి వంటింటి బల్ల మీద ఒక కాగితం, దాని మీద నలభై రెండు సంతకాలు. అన్నిటికీ పైన 'ప్రెసిడెంట్' అని రాసున్న చోట మాత్రం ఖాళీ. బేస్‌బాల్ ఫ్యాన్స్ గ్రూప్‌కి ప్రెసిడెంట్ గౌరీశంకర్ గారే; సెక్రటరీ శశికాంత్ ఆ ఖాళీ నింపించుకుపోదామనే వచ్చాడు. మందుల కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన గౌరీశంకర్ గారికి ఆ కాగితం కనబడగానే కళ్లజోడు కనబడకుండా పోయింది. ఆయన భార్య కామేశ్వరి ఇద్దరికీ చెరో గ్లాసు రాగిజావ ఇచ్చి, గోంగూర కోసుకురావడానికి పెరట్లోకి వెళ్లింది.

"కళ్లజోడు మీ తలమీదనే ఉంది అంకుల్."

"ఆఁ? ఇదా. ఇది దూరపు చూపుది. చదవడానికి వేరేది ఉండాలి."

"చదివేదేముంది, నేనే చదివి చెప్పిన కదా. హెరాన్స్ బేస్‌బాల్ క్లబ్‌కి మన తెలుగు ఫ్యాన్స్ గ్రూప్ లెటర్. కేలబ్ డార్విల్‌కి సమ్మర్ క్యాంప్‌ల కోచ్ జాబ్ ఇవ్వొద్దు. స్టెరాయిడ్స్ తీసుకున్నోడు మా పిల్లలకి బ్యాటింగ్ నేర్పొద్దు. గంతే, మూడు లైన్లు. సోమవారం క్లబ్ మీటింగ్ ఉంది. మీరు సైన్ చేస్తే ఇప్పుడే స్కాన్ చేసి పంపిస్త."

"నేను చేయకపోతే?"

"చేయకపోతే ప్రెసిడెంట్ లేకుండ లెటర్ ఏంది అంకుల్? స్టేడియంల తెలుగు నైట్ రోజు మూడొందల టికెట్లు కొనే గ్రూప్ మనది. అందుల మీరు కేలబ్ హోస్ట్ ఫ్యామిలీ. వాడు హెరాన్స్‌కి ఆడిన రెండు సమ్మర్లు మీ బేస్‌మెంట్‌లనే ఉన్నడు. మీరే వద్దన్నరంటే ఇంక ఎవ్వడు నోరెత్తడు."

"జావ తాగు. చల్లారిపోతుంది."

"తాగుత. మీరు సైన్ చెయ్యిండ్రి."

"శశికాంత్, వాడు ఇక్కణ్ణుంచి పైకి, మేజర్ లీగ్‌కి వెళ్లి ఏడాది కాలేదు. ఎనభై గేమ్స్ బ్యాన్ పడింది. జీతం ఆగిపోయింది. ఈ క్యాంప్ ఉద్యోగం తప్ప ఇంకేం లేదు వాడి చేతిలో. అదీ మనమే లాగేస్తే ఏం కావాలి కుర్రాడు?"

"ఆ ఇంజక్షన్ తీసుకునే ముంగట ఆలోచించాల్సింది."

"ఇంజక్షనే అని నీకెవరు చెప్పారు?"

"ఇంజక్షనో, గోలీనో! నాండ్రోలోన్ అని రిపోర్ట్‌ల వచ్చింది కదా. కండలు పెంచే స్టెరాయిడ్ అది. మీకు నేను చెప్పాల్నా?"

"తప్పు వాడొక్కడిదేనా అంటున్నాను."

"మరెవరిది?"

"ఓనర్లది కాదూ? హోమ్ రన్‌కి ఇంత అని బోనస్ రాసిచ్చేది ఎవరు? స్టేడియం ఖాళీగా ఉన్నన్నాళ్లూ, ఎవడి కండలు ఎలా పెరిగాయో చూసీ చూడనట్టు ఊరుకున్నది ఎవరు? జనం నిండాక నీతులు మొదలెట్టారు. ఆ ట్రైనర్లది కాదూ? టీవీలో కూచుని 'అబ్బ, ఎంత దూరం కొట్టాడు' అనేవాళ్లది కాదూ?"

"అందర్నీ అంటే ఎవ్వర్నీ అననట్టే అంకుల్."

"నీది కాదూ?"

"నాదా! నేనేం చేసిన?"

"వాడు కొట్టిన బంతి పార్కింగ్ లాట్‌లో పడి నీ కారు అద్దం పగిలితే ఏం చేశావు నువ్వు? ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేశావా? చెయ్యలా. రెండు వారాలు ఆ పగిలిన అద్దంతోనే ఆఫీస్‌కి వెళ్లావు. అడిగినవాడికీ అడగనివాడికీ చూపించావు."

"అది ప్రేమ అంకుల్! ప్రేమ ఉండబట్టే ఇంత మండుతున్నది. నేను ఇండియా నుంచి వచ్చిన కొత్తల నాకు క్రికెట్ తప్ప ఏం తెల్వదు. బేస్‌బాల్ నేర్పింది మీరు. స్కోర్ ఎట్ల రాసుకోవాల్నో పెన్సిల్ ఇచ్చి మరీ నేర్పిండ్రు. కేలబ్‌ని చూసే మా హంసిక సాఫ్ట్‌బాల్‌ల చేరింది. దాని రూమ్‌ల వాడి పోస్టర్ ఉండె. బ్యాన్ న్యూస్ వచ్చిన రోజు ఏడ్చుకుంట చింపేసింది. పదహారేండ్ల పిల్ల."

"ఏమైనా అందా?"

"'డాడీ, అందరూ చీట్ చేస్తారా?' అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"లేదు బిడ్డా, మనం చెయ్యం అని చెప్పిన. ఏం, తప్పు చెప్పిన్నా?"

"లేదు. తప్పేముంది."

"మరి సైన్ చేయనీకి ఏమైతున్నది మీకు?"

"వాడు తెలీదన్నాడుగా. ఒంట్లోకి ఎలా వచ్చిందో తెలీదన్నాడు."

"దొరికిన ప్రతోడు గదే అంటడు! సరే, మొదట్ల నేను గూడ నమ్మిన. అప్పీల్ చేస్తనన్నడు. ఎందుల నుంచి వచ్చిందో ప్రూఫ్ చూపిస్తే బ్యాన్ సగానికి తగ్గుతదని వాడి లాయర్ గూడ చెప్పిండు. మనం ఎదురుచూస్తున్నం, ఇయ్యాల చూపిస్తడు, రేపు చూపిస్తడు అని. మే నెలల ఏం చేసిండు? అప్పీల్ వాపస్ తీసుకున్నడు! తప్పు చెయ్యనోడు అప్పీల్ ఎందుకు వాపస్ తీసుకుంటడు? మీరే చెప్పుండ్రి."

"ఆ చదువుకునే కళ్లజోడు ఎక్కడ పెట్టానో, ఏమో."

"మీరు ముప్పై ఏండ్లు మందుల్ల కల్తీ పట్టుకున్నోళ్లు. ఒక్క బ్యాచ్‌ల కొంచెం తేడా వస్తే మొత్తం పారబోయించిన అని మీరే చెప్పేటోళ్లు. మీ ఇంట్ల ఉన్నోడు ఏం తింటున్నడో, ఏం తాగుతున్నడో మీకే తెల్వకపాయె."

"తెలిసుండాల్సింది."

"గదే నేననేది. మిమ్మల్ని గూడ మోసం చేసిండు."

"వాడు నన్ను మోసం చెయ్యలేదు."

"మరి?"

"ఆవిడ వస్తోంది. ఆ కాగితం లోపల పెట్టు. పెట్టవయ్యా!"

"ఎందుకండీ లోపల పెట్టడం? ఆ కాగితం సంగతి నాకు తెలీదనుకున్నారా? నిన్న శశి వాళ్లావిడ శ్రీవల్లి ఫోన్ చేసి చెప్పింది. శశీ, పెన్ను ఆయన చేతికియ్యి."

"కామేశ్వరీ, నువ్వు ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? పెట్టండి సంతకం. వాడికి నేనేం తక్కువ చేశాను? మన అమ్మాయి ఇషా పెళ్లై వెళ్లిపోయాక ఈ ఇంట్లో అడిగి మరీ అన్నం పెట్టించుకున్నది వాడొక్కడు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని, కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద అనేవాడు. ఒళ్లు చిక్కిందని తెనాలి నుంచి బలం పొడి తెప్పించి రోజూ పొద్దున్నే జావలో కలిపి ఇచ్చాను. మేజర్ లీగ్‌కి వెళ్లాక కూడా డబ్బాలు కట్టి పోస్టులో పంపాను. ఇంత చేస్తే, ఇది చాలదన్నట్టు పోయి ఆ పాడు మందులు వేసుకుంటాడా? నా చేతి తిండి తిన్న ఒంట్లోనే! పెట్టండి. నాకూ ఓ గీత గీయండి దాంట్లో, నేనూ పెడతాను."

"చూసిండ్రా అంకుల్. ఆంటీకే అంత బాధ ఉంటే..."

"ఆవిడకి తెలీదు శశికాంత్."

"నాకేం తెలీదండీ?"

"ఏం లేదు."

"అయినా ఆంటీ, ఇయ్యాల జావల ఆ పొడి ఎయ్యలేదా? రుచి వేరే ఉంది."

"ఎక్కడుందయ్యా? పురుగు పట్టిందని మీ అంకుల్ మే నెలలో ఉన్న డబ్బాలన్నీ చెత్తలో పోసేశారు. మా అన్నయ్య మళ్లీ పంపిస్తానన్నా వద్దన్నారు. నాకు ఒక్క పురుగు కనబడితే ఒట్టు."

"మా దాంట్ల ఏం పురుగు లేదు ఆంటీ. మంచిగనే ఉంది."

"మీ దాంట్లో ఏంటి?"

"అదే అంకుల్, ఆంటీ ఉగాదికి శ్రీవల్లికి ఇచ్చిన డబ్బాలు. హంసిక రోజూ తాగుతది."

"హంసిక తాగుతుందా?"

"ఏంది, అట్ల లేస్తున్నరు? కూసోండ్రి."

"రోజూ తాగుతుందా? ఇప్పటికీనా?"

"ఇయ్యాల పొద్దున గూడ తాగి ప్రాక్టీస్‌కి పోయింది. ఉగాది నుంచి ఒక్క రోజు మానలే. ఎంత తేడా వచ్చిందో తెలుసా? ఇంతకు ముందు బంతి ఇన్‌ఫీల్డ్ దాటకపోయేది, ఇప్పుడు ఫెన్స్‌కి పోయి తగులుతున్నది. కోచ్ గూడ అన్నడు..."

"గొంతెలా ఉంది?"

"గొంతా?"

"హంసిక గొంతు. బొంగురుపోయిందా?"

"కొంచెం. రెండు మూడు వారాల నుంచి. గ్రౌండ్‌ల అరిచి అరిచి అట్లయిందనుకున్నం. మీకెట్ల తెలుసు?"

"శ్రీవల్లికి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. ఆ డబ్బా తియ్యమను. పిల్లని డాక్టర్‌కి చూపించు. పొడి సంగతి దాచకుండా చెప్పు, రక్తం తీసి చూస్తారు."

"అదేంటండీ అలా హడలగొడతారు అతన్ని? అశ్వగంధ, శొంఠి, నువ్వులు. అంతేగా అందులో. మా అన్నయ్య పదేళ్ల నుంచి వాడుతున్నాడు."

"నాండ్రోలోన్ ఉంది కామేశ్వరీ."

"అంటే?"

"కేలబ్ టెస్ట్‌లో వచ్చింది అదే. ఆడపిల్లకి గొంతు బొంగురుపోయేదీ దానివల్లే. ఆ పొడి చేసే మీ తెనాలి వైద్యుడు నాలుగు రోజుల్లో బలం తెలియాలని స్టెరాయిడ్ కలుపుతున్నాడు. మా పాత ల్యాబ్‌లో పనిచేసే ఆంజనేయప్రసాద్ చేత టెస్ట్ చేయించాను. రిపోర్ట్ నా బీరువాలో ఉంది. పురుగు పట్టలేదు. నేనే అబద్ధం చెప్పాను."

"నా చేత్తో... నేనే కలిపి..."

"నీకు తెలీదు. ప్రపంచంలో మందులన్నీ పరీక్ష చేశాను, నా వంటింట్లో డబ్బా మూత తీసి చూళ్లేదు. అది నా తప్పు."

"మీకు మే నెలలోనే తెలుసా? తెలిసీ ఊరుకున్నారా? నేను రోజూ వాణ్ని తిట్టిపోస్తుంటే, ఎదురుగా కూచుని వింటూ ఊరుకున్నారా? ఆ పసిది తాగుతోందని వినగానే లేచారే, కేలబ్ విషయంలో ఎందుకు లేవలేదండీ?"

"ఆంటీ, ఒక్క నిమిషం. అంకుల్, ఆ రిపోర్ట్ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ముందు ఫోన్ చెయ్యవయ్యా నువ్వు!"

"చేస్త, చేస్త. మెసేజ్ పెట్టిన, తాగొద్దని. కానీ అంకుల్, ఆ రిపోర్ట్ బయటికి తియ్యకుండ్రి. జులైల సాఫ్ట్‌బాల్ సీట్ కోసం హంసికని చూడనీకి కాలేజ్ కోచ్‌లు వస్తున్నరు. ఎన్నేండ్ల కష్టం తెలుసా అది? ఈ పొడి కథ పేపర్ల వస్తే, ఎవరెవరికి ఇచ్చిండ్రు అని అడుగుతరు. మా పిల్ల పేరు వస్తది."

"వస్తే చెప్పు, మాకు తెలీదని."

"ఎవడు నమ్ముతడు అంకుల్?"

"నమ్మరంటావా?"

"దొరికిన ప్రతోళ్లు గదే కదా అనేది! మీరు సైన్ చెయ్యిండ్రి. ఇది పంపిస్తే క్లబ్ వాడిని వద్దంటది, వాడు వాడి ఊరికి పోతడు, ఒక్కడితోటి ఈ ముచ్చట ఖతం. ఎట్లయినా వాడికి బ్యాన్ పడనే పడ్డది. కొత్తగ పోయేదేముంది?"

"ఇందాక వాడిదే తప్పన్నావు."

"అది వేరే!"

"ఏం వేరే?"

"ఇది మన పిల్ల అంకుల్!"

"శశీ, ఆ కాగితం ఇలా తే."

"ఆంటీ, అందుల నలభై రెండు మంది సైన్లు ఉన్నయి..."

"తెమ్మన్నాను. ఆఁ. ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వింటికి వెళ్లి నీ కూతుర్ని చూసుకో, నాయనా. దానికి ఏదన్నా అయితే ఆ పాపం కూడా నాదే. ఏవండీ, కేలబ్ నంబర్ కలపండి."

"ఇప్పుడు వద్దు కామేశ్వరీ."

"కలపండి. నాకొచ్చిన ఇంగ్లీష్‌లో నేనే చెప్పుకుంటాను. ఆ పొడి నేనే పెట్టానని చెప్తాను, లీగ్ వాళ్లకి కాగితం రాసి సంతకం కూడా పెడతాను. పాపం, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీక ఎంత కుమిలిపోతున్నాడో!"

"వాడికి తెలుసు."

"ఏంటీ?"

"రిపోర్ట్ రాగానే ముందు వాడికే తీసుకెళ్లి చూపించాను. చదివాడు. మడిచి మళ్లీ నా చేతికే ఇచ్చాడు. మర్నాడు అప్పీల్ వాపస్ తీసుకున్నాడు. 'డోంట్ టెల్ ఆంటీ' అన్నాడు. నేను సరేనన్నాను."