మైలోడు లాగలేని రాయి

మద్దిలేటి అని ఒకడుండె, మా అమ్మ పుట్టినూర్లో. వానికి మైలోడని ఒక ఎద్దు. పుట్టిన మూడోనాడే తల్లావు సచ్చిపోతే, పాలల్లో వేళ్ళు ముంచి, దూడ సప్పరిచ్చేటట్ల నోట్లో పెట్టి సాకినాడంట. మొగునికీ పెండ్లానికీ పిల్లల్లేరు, అదే బిడ్డనుకో. సరే, ఏమైందంటే, జాతరకు ఒంటెద్దు బండలాగుడు పందెం పెట్టినారు. మద్దిలేటి మైలోన్ని కట్టాలనుకున్యాడు. నెలదినాలు తవుడే తవుడు, పత్తిగింజలే పత్తిగింజలు. మేపినంత మేపి, పందెం ఇంక ఎనిమిది దినాలుందనంగా నీళ్ళు తగ్గిచ్చినాడు. ఎందుకంటే, నీళ్ళు తాగితే ఎద్దుకు కడుపు జారి కాళ్ళు ఆడవంట! ఎవరు సెప్పినారో ఏమో, పందెంగాళ్ళందరిదీ అదే మాట. వాని పెండ్లాం ఈరమ్మ తొట్టి నింపబోతే, నీకేం తెలుసు పక్కకు జరుగు అని తొట్టి బోర్లేసినాడు. ఆ బోర్లేసిన తొట్టిని నాకేటోడంట మైలోడు, పాపం. ఎండాకాలం, నోరులేని జీవం, ఏమని అడుగుతాది సెప్పండి?

పందెం దినం తెల్లారింది. కొమ్ములకు రంగేసి, గజ్జెలు కట్టి, లెయ్ నాయనా అంటే మైలోడు లేస్తాడు, మళ్ళీ పండుకుంటాడు. లేస్తాడు, పండుకుంటాడు. తోక లేపుతాడు, ముక్కుతాడు, కాలితో కడుపు తన్నుకుంటాడు. ఒకడొచ్చి కడుపునొప్పిలే, వాము కషాయం పొయ్యి అనె. ఇంకొకడు దిష్టి తగిలిందనె. మద్దిలేటి కషాయం పోసె, నిమ్మకాయ తిప్పె, మిరపకాయలు కాల్చె. ఏం జేసినా అంతే. అప్పుడు ఈరమ్మ చీపురు పట్టుకోని వచ్చి, ఓ మనిషీ, దిష్టీ లేదు గిష్టీ లేదు, నిన్న పొద్దున్నుంచి మైలోడు నిలబడినకాడ నేల తడవలేదు, కొట్టం ఊడ్సేదాన్ని నాకు తెలీదా, పేడ ఉంది గానీ ఉచ్చ లేదు సూడు అనింది. మద్దిలేటి వంగి నేల తడిమి సూసె. పొడిగా దుమ్ము. గజ్జెలు గూడా ఇప్పకుండా ట్రాలీ ఆటోకెక్కిచ్చి పశువులాసుపత్రికి తోలకపోయినారు.

ఆడుండేది డాక్టరమ్మ. చేతికి తొడుగేసుకోని లోపల తడిమి సూసి, ఉచ్చదోవలో రాయి అడ్డం పడిందప్పా అనింది. తవుడు దండిగా పెట్టి, నీళ్ళు ఆపితే ఇట్లనే రాయి కడతాదంట. ఉచ్చతిత్తి ఉబ్బిపోయింది, పగిలిందంటే ఎద్దు దక్కదు. తోక కింద కోసి వేరే దోవ పెడతా, అయితే బతికినన్ని దినాలు ఆవు మాదిరి ఎనకనించే పోస్తాది, సరేనా? మీరు నవ్వుతాండారు గానీ, పందెపుటెద్దును సాకినోనికి ఎట్లుంటాది? ఊర్లో తలెత్తుకోలేనమ్మా, ఇంకో మార్గం లేదా అన్యాడు మద్దిలేటి. లేదనింది డాక్టరమ్మ. ఈరమ్మకు ఒళ్ళు మండిపోయె. "తొట్టి బోర్లేసిన చెయ్యి ఎవరిది? నొప్పి దానికా, సిగ్గు నీకా?" అని ఏడ్సింది. అప్పుడు మైలోడు ఏం జేసినాడంటే, మెడ సాపి, మద్దిలేటి వేళ్ళు నోట్లోకి తీసుకోని సప్పరిచ్చె, దూడప్పటి మాదిరే. నీళ్ళనుకున్యాడో, పాలనుకున్యాడో. మద్దిలేటి బోరుమన్యాడు. "కొయ్యి తల్లీ! యాడనించి పోస్తే ఏం, నా బిడ్డ పోస్తే సాలు" అన్యాడు.

మత్తుసూదేసి కోసింది. తోక పట్టుకోని ఎనక నిలబడింది మద్దిలేటే. దోవ తెరుసుకునేటప్పటికి, ఉచ్చ చిమ్మి తలకాయ నుంచి కాళ్ళదాకా తడిపేసిందంట వాన్ని! వాడు పక్కకు జరగల్యా. తడుస్తానే నవ్వుతాడు, నవ్వుతానే ఏడుస్తాడు. డాక్టరమ్మ ఆ రాయి తీసి వాని సేతిలో పెట్టింది. ఎంతుందనుకున్యారు? జొన్నగింజంత. రోజూ తొట్టినిండా నీళ్ళు పెట్టు, అందులో ఇంత ఉప్పెయ్యి, దప్పికై బాగా తాగుతాది, తవుడు తగ్గియ్యి అని సెప్పి పంపిచ్చింది.

ఊర్లో ఊరుకుంటారా? టీ అంగడి కాడ, ఏం మద్దిలేటీ, మీ ఆవు పూటకెన్ని పాలిస్తాది అని ఒకటే ఎగతాళి. వాడేమన్యాడో తెలుసా? పాలీదులేప్పా, నేల తడుపుతాది, మాకదే సాలు అన్యాడంట. ఆ రాయిని గుడ్డపేలికలో కట్టి కొట్టంలో గోడకు కొట్టిన గూటానికి తగిలిచ్చినాడు. పందెంగాడు ఎవడన్నా వచ్చి నీళ్ళు ఎన్ని దినాల ముందు ఆపాలన్నా అని అడిగితే, మూట ఇప్పి, ముందు ఇది లాగు సూద్దాం అనేటోడంట.

ఆ ఏడు పందెం ఎవరు గెలిసినారని నన్నడగాకండి, మద్దిలేటే అడగల్యా. అది సరే గానీ, ఎండ ఇట్ల కాస్తాంటే పొద్దున్నుంచి ఈడ కూసోని కత వింటాండారే, మీ తొట్లల్లో నీళ్ళుండాయా? లెయ్యండి, పోయి పోసి రాండి.