మేస్త్రీ నడుమూ మూడో అంతస్తు బీరువా

ఒరేయ్ అల్లుడూ, ఆ మోత బెల్టు అప్పుడే భుజాన తగిలించుకోకు, ముందు టీ తాగు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఇంకా గిన్నెలు సర్దుకుంటూనే ఉన్నారు. పైనున్న ఇనప బీరువా మనల్ని వదిలి ఎక్కడికీ పోదు. నడుం పట్టేసి నెల రోజులు మంచానికి అతుక్కుపోయావు, ఇవాళే మళ్ళీ పనిలోకొచ్చావు, ఇవాళ కూడా బరువెత్తకపోతే నీ చోట్లో ఇంకొకణ్ణి పెట్టుకుంటానని కాంట్రాక్టర్ అన్నాడు, అంతేగా నీ దిగులు? మీ మామయ్యని చూడు. ఈ నడుం నొప్పి నాకు ఎప్పట్నుంచో ఇంటి చుట్టం. వచ్చిందంటే ఓ పట్టాన పోదు, మర్యాద తగ్గితే అలుగుతుంది. అయినా ఇళ్ళ సామాన్లు మోసేవాళ్ళలో నన్ను మించినవాడు ఉన్నాడేమో చెప్పమను. ఏం డ్రైవరూ?

"నేనేమీ అనలేదు మేస్త్రీ," అన్నాడు లారీ డ్రైవర్ టీ ఊదుకుంటూ.

అననివ్వను కూడా. నేనూ నీలాగే మంచమెక్కానురా. మీ అత్త ఊరుకుందా? రెక్క పట్టుకుని లాక్కెళ్ళి, వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. "అలా పడుకునే ఉంటే ఇంకా బిగుసుకుపోతుంది, రోజూ కాస్త నడవండి" అంది ఆవిడ. నడిచా. మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్ళొచ్చా, అంతే. ఇందులో గొప్పేముందంటావేమో, మర్నాడు పక్కవీధి, ఆ మర్నాడు మార్కెట్టు, తర్వాత ఊరు చుట్టూ. వారం తిరిగేసరికి ఆటోవాళ్ళంతా కట్టకట్టుకుని మా గుమ్మంలోకొచ్చారు. ఎందుకో తెలుసా? నన్ను చూసి జనమంతా నడవడం మొదలెట్టారట, బాబ్బాబు మా పొట్ట కొట్టకు, వారానికి ఒక్కరోజైనా ఇంట్లో ఉండు అని బతిమాలారు.

"అబ్బో!" అంది టీ కొట్టు వదిన.

అప్పుడే అబ్బో ఏంటి వదినా, అసలు సంగతి ఇంకా మొదలే కాలేదు. ఆ తర్వాత డాక్టరమ్మ నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి తుంటి పైకెత్తమంది. ఊపిరి బిగబట్టొద్దంది, మెల్లగా ఎత్తి మెల్లగా దించమంది, నొప్పి కాల్లోకి పాకిందంటే అక్కడికక్కడ ఆపేసి తనకి చెప్పమంది. ఇదేం పెద్ద పనని ఎత్తా. ఎత్తాక ఏమైందో తెలుసా? దించడం మర్చిపోయా! అంత హాయిగా ఉంది మరి. నా కింద నుంచి పక్కింటి పిల్లలు సైకిళ్ళు తోలుకుంటూ ఇటు నుంచి అటు పోయారు. డాక్టరమ్మకి కుర్చీ వేసుకోను చోటు చాలకపోతే నా పొట్ట మీదే వేసుకుని సాయంత్రందాకా మిగతా పేషెంట్లని చూసింది.

"ఆవిడ పడిపోలేదా మామయ్యా?" మేనల్లుడు నవ్వాపుకోలేక అడిగాడు.

పడుతుందా? చేతిలో కాఫీ కూడా తొణకలేదు! ఇక బీరువా సంగతికొస్తా. ఇదిగో ఇలాంటిదే, ఇలాగే మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నడుం వంచకు, మోకాళ్ళు వంచు, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకో అని డాక్టరమ్మ చెప్పిందిగా, ఎంత దగ్గరగా పట్టుకున్నానంటే మీ అత్త చూసుంటే పుట్టింటికి పోయేది. ఒక్కణ్ణే దించుతున్నా. రెండో అంతస్తుకొచ్చేసరికి బీరువాలోంచి కేక! తీరా చూస్తే ఇంటావిడ అత్తగారు, కళ్ళజోడు వెతుక్కుంటూ లోపలే ఉండిపోయింది. కంగారు పడకండి పిన్నిగారూ, వెతుక్కుంటూ ఉండండి, కిందకి దిగాక పిలుస్తా అన్నా. ఇంతలో మెట్ల మలుపులో బీరువా తిరగదే! ఏం చేశాననుకున్నావ్? మెట్లనే కాస్త పక్కకి జరిపా.

"సిమెంటు మెట్లని?" అంది వదిన.

మరి చెక్క మెట్లయితే చెప్పుకోవడమెందుకు వదినా! కిందికొచ్చేసరికి ఏమైందో తెలుసా? లారీ బ్రేకు ఊడిపోయి వాలులో వెనక్కి జారిపోతోంది. ఒక చేత్తో బీరువా, అందులో పిన్నిగారు, వీపు ఆనించి లారీని ఆపేశా. ఆపినవాణ్ణి ఊరుకోవచ్చుగా, ఎలాగూ నడక మంచిదందిగా డాక్టరమ్మ అని, అలాగే నెట్టుకుంటూ కొత్తింటి గుమ్మందాకా తీసుకెళ్ళా. ఇదిగో ఈ డ్రైవర్ సీట్లో గుర్రు పెడుతున్నాడు, వీడికి తెలియనే లేదు! తర్వాత ఆస్పత్రివాళ్ళు ఎక్స్‌రే తీసి, ఇవి వెన్నుపూసలు కావు బాబూ, రైలు పట్టాలు అన్నారు.

మేనల్లుడు నవ్వుతూనే లేచాడు. బెల్టు భుజాన వేసుకున్నాడు. "అయితే ఇవాళ బీరువా నేనే పడతా మామయ్యా. మంచం దిగి వారం నుంచి నడుస్తున్నా, నడుం తేలిగ్గానే ఉంది. కాంట్రాక్టర్ వచ్చేలోపు దించేస్తే ఇంక నోరెత్తడు."

పట్టరా! నా మేనల్లుడివి కాదూ!

లారీ డ్రైవర్ గ్లాసు కింద పెట్టి బెల్టు కొస పట్టుకుని ఆపాడు. "ఆగరా అబ్బాయ్. ఆ రోజు నేను నిద్రపోలేదు, పైనే ఉన్నా. మీ మామయ్య కూడా డాక్టరమ్మ చెప్పినట్టే నడిచాడు, నడుం తేలికైంది. తేలికైందిగా అని, ఎవర్నీ సాయం పిలవకుండా బీరువా కింద చేతులు పెట్టి, నడుం వంచి ఒక్క ఊపున లేపబోయాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బీరువా ఆ పూటకి పైనే ఉంది. ఈ బెల్టులు కట్టి మేం మూడంతస్తులు దించింది మీ మామయ్యని. కాళ్ళవైపు పట్టుకుంది నేనే."

వదిన పకపకా నవ్వింది. మేనల్లుడు మాత్రం నవ్వలేదు, బెల్టు తీసి డ్రైవర్ చేతికిచ్చేశాడు. "నేను దిండ్లూ కుర్చీలూ దించుతా. మరి కాంట్రాక్టర్‌కి ఏం చెప్పను?" అన్నాడు భయంగా.

వాడి సంగతి నాకొదిలెయ్ రా, నీ చోటు ఎక్కడికీ పోదు, వాడితో నేను మాట్లాడతా. నువ్వు దిండ్లే మొయ్యి. కానీ డ్రైవరూ, గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. మూడంతస్తుల్లో ఒక్కచోటైనా గోడకి గీత పడిందా? అంత కుదురుగా దిగిన సామాను నీ సర్వీసులో ఇంకోటి చూశావా?