ఆ గదిలో ఒకటే కుర్చీ

పెద్దలారా, నాన్న పార్టీ మిత్రులారా, చోటు దొరక్క వెనక గోడవారగా నిలబడ్డవాళ్ళారా,

మా నాన్న పోయారని తెలిసి ఇంతమంది వచ్చారు. కూతురిగా మీ అందరికీ నమస్కరిస్తున్నాను. నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఆయన్ని ప్రజల మనిషి అన్నారు. నన్నూ నాలుగు మంచి మాటలు చెప్పమని అక్క కారులో దారిపొడుగునా పోరింది. ప్రయత్నిస్తాను. కుదురుతుందో లేదో తెలీదు.

పోలీసు అధికారిగా ఉన్న రోజుల్లో ఆయన గదిలో ఒకటే కుర్చీ ఉండేది. అది ఆయనది. "కూర్చోబెడితే కథలు చెప్తారు, నిలబెడితే నిజం చెప్తారు" అనేవారు. ఇంట్లోనూ అంతే. మా ఆయన మొదటిసారి మామగారిని కలవడానికొచ్చి కాఫీ కూడా నిలబడే తాగాడు. ఇప్పటికీ ఆ మాటెత్తితే మోకాళ్ళు నిమురుకుంటాడు.

తరవాత యూనిఫారం విప్పి ఎన్నికల్లోకి దిగారు. ప్రచారంలో ఆయన కూర్చోని చోటు లేదు. దర్జీ కొట్లో స్టూలు మీద, బస్సు డిపో అరుగు మీద, ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన. జనం మురిసిపోయారు. గెలిపించి మంత్రిని చేశారు. మంత్రి బంగళా హాల్లో, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బల్లలుండేవి. పాలిష్‌కని బయటికి పంపించారు. అదేం పాలిషో, ఆయన పదవి దిగేదాకా ఆరలేదు!

ఆ హాల్లో ప్రతి సోమవారం ఒకావిడ నిలబడేది. బట్టల మిల్లులో కార్మికురాలు. నాన్న పోలీసులో ఉన్నప్పుడు, మిల్లు సమ్మె రోజుల్లో, ఆవిడ భర్తని తన స్టేషన్‌కి పట్టుకెళ్ళారు. శవాన్ని అప్పగించారు. స్టేషన్ మెట్ల మీంచి జారిపడ్డాడన్నారు నాన్న. ఆవిడ ఉద్యోగం అడగలేదు, పరిహారం అడగలేదు. "ఎలా పోయాడో చెప్పండి సార్, చాలు" అనేది. "చూద్దాంలేమ్మా" అనేవారు మంత్రిగారు.

ఏం చూశారు? ఎప్పుడు చూశారు?

ఆ స్టేషన్ నాకు తెలుసు. సెలవుల్లో నాన్నకి క్యారేజీ ఇచ్చొచ్చేదాన్ని. రేకుల కప్పు, నేలమట్టానికి కట్టిన వరస గదులు. మేడ లేదు. మరి ఏ మెట్లు? నా జ్ఞాపకం తప్పేమోనని నిన్న వెళ్ళి చూశాను. ఇప్పుడది టైర్ల గోడౌను. అక్కడివాళ్ళనీ అడిగాను. మెట్లు ఇప్పుడూ లేవు, అప్పుడూ లేవు.

ఆస్పత్రిలో నాన్ననే అడిగాను. మంచం పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమని సైగ చేశారు. నా జీవితంలో అదే మొదటిసారి. పశ్చాత్తాపమా? టీవీకి అడ్డొచ్చాననా? మంచివైపే అనుకోవాలని ఉంది. అనుకోలేకపోతున్నాను.

ఆవిడ ఇవాళా వచ్చింది. అదిగో, తలుపు పక్కన. అప్పటిలాగే నిలబడి ఉంది.

అమ్మా, మీ ఆయన మెట్ల మీంచి పడలేదు. మా నాన్న అబద్ధం చెప్పారు. ఇంతకుమించి నాకు తెలీదు. తెలిసిన ఈ కాస్తా ఇంతమంది ముందు చెబుతున్నాను.

ఇక మౌనం పాటిద్దాం. ముందు వరసలోవాళ్ళు ఎవరైనా ఆవిడకి మీ కుర్చీ ఇవ్వండి. ఇచ్చారా? కూర్చుందా? ఇప్పుడు అందరం లేచి నిలబడదాం.

మీరు మాత్రం లేవకండమ్మా.