వాటాకి రాని పేరా

“ముందు కూర్చో. కిటికీకీ తలుపుకీ మధ్య నువ్వలా తిరుగుతుంటే నాకు తల తిరుగుతోంది.”

“ఓడ వెళ్ళిపోదు కదా, మామయ్యా?”

“బళ్ళో మాస్టారూ అనాలని చెప్పానా లేదా? ఓడ ఎక్కడికీ పోదు. బియ్యం దింపాలి, పిండి దింపాలి, సాయంత్రం దాకా ఉంటుంది. నువ్వు ఎక్కుతావో లేదో తేల్చేది ఓడ కాదు, ఈ తెర. కూర్చో.”

నడిసముద్రంలో టోకెలావు దీవుల్లో ఒక బడి. కంప్యూటర్ ముందు పంతులు కురేసా. ఆయన మేనకోడలు సులియాకి ఉన్నచోట కాలు నిలవడం లేదు.

“నిలబడే వింటాను, మాస్టారూ.”

“నీ ఇష్టం. వెల్లింగ్టన్‌లో మన పేపర్లు దిద్దే మేడం రాసింది చదువుతున్నా, విను. ‘టెక్నాలజీ, నా బడి చదువు అన్న వ్యాసం మీ దగ్గర్నుంచి ఎనిమిది మంది పంపారు. ఎనిమిదీ ఒకటే. కాపీలు పట్టుకునే మా యంత్రం మొదటి వాక్యం నుంచే ఎర్రగీతలు గీసింది.’ విన్నావా?”

“విన్నాను.”

“విన్నాను, అంతేనా?”

“ఇంకేం చెప్పమంటారు?”

“ఎవరు రాశారో చెప్పు.”

“అందరం.”

“అందరూనా! ‘మా దీవికి ఇంటర్నెట్ డిష్ గొడుగు బిగించిన రోజు వాన పడింది, గొడుగు తడిసిందని మా తాతలు నవ్వారు’ అని ఎనిమిది మందికీ ఒకేసారి తట్టిందా?”

“వాన నిజంగానే పడింది కదా మరి.”

“సులియా!”

“తాతలు కూడా నిజంగానే నవ్వారు.”

“నవ్వులాట కాదిది. రాసినవాళ్ళెవరో ఇవాళ తేలితే సీటు వాళ్ళకి, మిగతా ఏడుగురూ మళ్ళీ రాసి వచ్చే ఓడలోగా పంపొచ్చట. తేలకపోతే అందరికీ సున్నా. అపియా పట్నంలో పై చదువుకి మన బడికిచ్చిన ఒక్క సీటూ పక్క దీవికి పోతుంది. ఇంకాసేపట్లో మేడం ఫోన్ చేస్తుంది. నేనేం చెప్పాలి? వాన పడిందని చెప్పనా? మీ అమ్మ నీ పెట్టె రేవుకి మోయించేసింది, తెలుసా? కొత్త చాప కూడా చుట్టించింది. చాప అంచుకి ఎర్ర ఉన్ని కుట్టించింది.”

“తెలుసు. నేనే కుట్టాను.”

“మరి వెళ్ళాలని లేదా?”

“ఉంది.”

“గట్టిగా చెప్పు.”

“ఉందండీ! పొద్దున్నుంచీ అన్నం కూడా దిగలేదు. పడుకున్నా ఆ ఓడ మోతే వినబడుతోంది.”

“అయితే ఒప్పుకో. రాసింది నువ్వే. ఈ బళ్ళో ఇలా రాసేవాళ్ళు ఇంకెవరున్నారు? టినియేలుకి వాక్యం ఎక్కడ ఆపాలో తెలీదు.”

“లోసక్క బాగా రాస్తుంది.”

“మీ పెదనాన్న కూతురని వెనకేసుకు రాకు. లోసా రాసుంటే అందులో వాలీబాల్ లేకుండా ఒక్క ముక్క ఉండేది కాదు. ఎలా పోయింది నీ వ్యాసం వాళ్ళ దగ్గరికి? ఎత్తుకుపోయారా?”

“ఛ, ఎత్తుకుపోవడమేంటి! వాటాల చోట్లో ఉంటే తీసుకున్నారు.”

“ఏ వాటాల చోటు? చేపలు పోసే చోటా?”

“కంప్యూటర్లో, మాస్టారూ. అందరికీ కనబడేలా మీరే ఒక ఫోల్డర్ చేశారు కదా. దానికి మేం ఆ పేరు పెట్టుకున్నాం.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? పడవల నిండా సూరచేపలు పడ్డప్పుడు ఏం చేస్తారు? రేవులో పోసి, ఇంటింటి పేరూ పిలిచి, సమంగా పంచుతారు. ఇదీ అంతే. టినియేలుకి లెక్కలొస్తాయి, చేసి అక్కడ పెడతాడు. ఇంకొకరికి సైన్సు. లోసక్క పేర్లు పిలుస్తుంది, ఎవరి వాటా వాళ్ళు తీసుకుంటాం.”

“పేర్లు కూడా పిలుస్తుందా!”

“పిలవకపోతే ఎలా తీసుకుంటాం?”

“దేవుడా! ఎన్నాళ్ళ నుంచి సాగుతోందిది?”

“గొడుగు బిగించినప్పటి నుంచి.”

“నాతో ఒక్కరూ అనలేదే!”

“చేపలో వాటా తీసుకున్నామని ఎవరైనా వెళ్ళి ఎవరికైనా చెప్తారా?”

“వ్యాసం చేప కాదే, పిల్లా!”

“ఎందుక్కాదు? దొరికింది దాచుకోకూడదని మీరేగా ప్రతి ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని చెప్తారు. చేప గురించి మాత్రమే చెప్తున్నానని ఎప్పుడూ అనలేదు.”

“అదీ ఇదీ ఒకటేనా? చేప తింటే అయిపోతుంది. చదువు... చదువంటే... తిరగకు, కూర్చో!”

“మాస్టారూ, ఫౌవా గుర్తున్నాడా మీకు?”

“ఏ ఫౌవా?”

“ఒక్క చేపని పడవలో గోనె కింద దాచాడే, ఆ ఫౌవా. ఇప్పటికీ అతను దారంట పోతుంటే చిన్నపిల్లలు ‘గోనె, గోనె’ అని అరుస్తారు.”

“అతని గొడవ ఇప్పుడెందుకు?”

“ఊరికే.”

“నువ్వు ఊరికే ఏదీ అనవు. సరే, అసలు సంగతి విను. మేడం అనుమానం ఎవరిమీదో తెలుసా? నీమీద. నువ్వే కాపీ కొట్టావనుకుంటోంది.”

“నేనా?”

“అన్నిటికన్నా చివర అందింది నీది. మొదట అందింది లోసాది. ముందు పంపినవాళ్ళు రాసినవాళ్ళనీ, వెనక పంపినవాళ్ళు చూసి రాసినవాళ్ళనీ ఆ యంత్రం లెక్క.”

“అయితే అలాగే అనుకోనివ్వండి.”

“ఏంటీ?”

“లోసక్క రాసిందనుకోనివ్వండి. అక్క వెళ్తుంది అపియాకి. మంచిదే కదా.”

“మంచిదా? పొద్దున్నే లోసాని అడిగాను. ‘నాది కాదు మాస్టారూ, సులియాని అడగండి’ అని బంతి తీసుకుని పోయింది. ఒక్కటి చెప్పు. ఎందుకు చివర పంపావు? నెట్ రాలేదా?”

“వచ్చింది.”

“మరి?”

“పంచేవాళ్ళు అందరికన్నా ముందు తీసుకుంటారా ఎక్కడైనా?”

“ఆఁ! దొరికావు. పంచింది నువ్వే!”

“నేనలా అనలేదు...”

“అన్నావు. ఇప్పుడే అన్నావు. హమ్మయ్య! ఇంక ఏడుపుమొహం పెట్టకు. మేడం ఫోన్ రాగానే ‘నేనే రాశాను’ అను, చాలు.”

“రుజువు అడిగితే?”

“రుజువుంది. నీ వ్యాసంలో చివర ఒక పేరా ఎక్కువుంది. మిగతా ఏడింటిలో లేదు. యంత్రం దాని జోలికే పోలేదు, ఒక్క ఎర్రగీత కూడా లేదు. అది చదివి వినిపించావంటే...”

“వద్దు!”

“ఎందుకు వద్దు?”

“దాన్ని ముట్టుకోకండి. నేనే కాపీ కొట్టానని రాసేయండి.”

“పిచ్చిపట్టిందా? రాసినదానివి నువ్వై ఉండి కాపీ కొట్టానంటావా? నీ సీటు పోతుందే!”

“పోనివ్వండి.”

“ఇందాక అన్నం దిగలేదన్నావు!”

“ఇప్పుడూ దిగదు. మామయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా, అది తెరవకు. కిటికీ రెక్కలు తీసే ఉన్నాయి, వాళ్ళంతా బయటే ఉన్నారు.”

“ఉంటే ఏం? చెయ్యి తీయ్. సులియా, చెయ్యి తీయమన్నానా... మెల్లగానే చదువుతాలే. ‘మా మాస్టారు ఎప్పుడూ శభాష్ పిల్లలూ అంటారు. ఒకరికి వస్తే అందరికీ వచ్చినట్టే. లెక్కలు నేర్పే తెర అలా అనలేదు. శభాష్, సులియా అంది. నా పేరొక్కటే పిలిచింది. అది మనిషి కాదని నాకు తెలుసు. అయినా ఇంకోసారి పిలిపించుకోవాలని, వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చేశాను. టెక్నాలజీ నాకు లెక్కలకన్నా ముందు నేర్పింది ఇదే, నాది అనుకోవడం. అది బాగుంది. బాగున్నందుకే భయంగా ఉంది.’”

“చాలు. ఆపు.”

“అయిపోయింది. నేనెప్పుడూ నీ పేరు పిలవలేదా?”

“హాజరు వేసేటప్పుడు పిలుస్తారు.”

“ఊఁ.”

“కోపమొచ్చిందా?”

“లేదు. ఈ ముక్క వాళ్ళకెందుకు రాలేదు? పెట్టడం మర్చిపోయావా?”

“మర్చిపోలేదు.”

“మరి?”

“ముందు అందులోనే రాశాను. తర్వాత కోసేసి, మిగతాది వాటాల చోట్లో పెట్టాను. ఇది నా దగ్గరే ఉంచుకున్నాను. దాచుకున్నాను, మామయ్యా.”

“ఒక్క పేరాయే కదే.”

“ఫౌవాది కూడా ఒక్క చేపే.”

“పేరాకి ఎవరూ గోనె అనరులే.”

“అంటారు. నేను చదివితే ఇది నాదని మేడం నమ్ముతుంది. అదే మాట కిటికీలోంచి వాళ్ళూ వింటారు, నేను దాచానని తెలుస్తుంది. ఓడెక్కి పోతాను సరే, సెలవలకి ఏ మొహం పెట్టుకుని దిగను? అమ్మ ఏ మొహం పెట్టుకుని రేవుకొస్తుంది?”

“అలా ఏడవకు. నన్ను కాస్త ఆలోచించుకోనీ. కిటికీ మూసేద్దామా? మూసేసి మెల్లగా...”

“మూస్తే ఇంకా దాచినట్టు.”

“అదీ నిజమే. అయితే నేనే మేడంకి... అరె, ఇది మోగుతోంది! ఇదేంటి, అప్పుడే!”

“ఎత్తకండి!”

“ఎత్తకపోతే సున్నా!”

“మాస్టారూ, ఎత్తండి. అంతసేపు మోగితే చార్జింగ్ అయిపోతుంది.”

“ఎవరది? లోసా! కిటికీ దగ్గర ఎంతసేపటి నుంచి ఉన్నావు?”

“గొడుగు మీద వాన పడ్డప్పటి నుంచి.”

“అంటే మొత్తం విన్నావా?”

“బంతి ఇటొచ్చింది, తీసుకుందామని వచ్చాను. సులియా, ఇటు చూడు. కళ్ళు తుడుచుకో ముందు, వీడియోలో మేడంకి నీ మొహం కనబడుతుంది.”

“లోసక్కా, నేను...”

“గోనె కింద పెట్టాననుకుంటున్నావా? ఎంత తెలివైనదానివే! మొన్న నువ్వు రాసి, మూయకుండా లేచిపోయావు. అందరూ వాడే కంప్యూటరు. టినియేలు చూసి పైకే చదివాడు, అక్కడక్కడా తప్పుగా. మేం ఏడుగురం విన్నాం.”

“విన్నారా! అందరూ?”

“ఆ.”

“విని ఏమీ అనలేదే! తీసుకోనూ లేదే! మీ వాటాలో కలుపుకుంటే నాకీ బాధే ఉండేది కాదు కదక్కా. ఎందుకు వదిలేశారు?”

“లోసా, త్వరగా చెప్పు. ఎత్తుతున్నాను... ఆఁ, నమస్తే మేడం, ఒక్క క్షణం, ఉంది, సులియా ఇక్కడే ఉంది.”

“పేరు పిలిస్తేనే కదే వాటా తీసుకునేది. అందులో మా పేర్లు వెతికాం, ఒక్కటీ లేదు. నీ పేరొక్కటే ఉంది, అది నీ వాటాయే. పో, గట్టిగా చదువు. టినియేలు కూడా సరిగ్గా వినాలంటున్నాడు.”