పెట్టె మీద తెల్లగుడ్డ

"నీ అలక తీర్చడానికి ఇక అమ్మే లేచి రావాలి కాబోలు!"

చర్చి గుమ్మంలో తల్లి శవపేటిక పక్కన బిగుసుకుని నిలబడ్డ వడ్రంగి తమ్ముణ్ణి చూస్తే అక్కకి ఒళ్ళు మండుతోంది.

"రెండు రోజులు కూర్చుని ఈ పెట్టె చెక్కానక్కా. ఫాదర్ ఏమో ఆ లతలూ పువ్వులూ అన్నీ గుడ్డతో కప్పెయ్యమంటారా?"

"ఎవరి పెట్టెకైనా కప్పుతార్రా. జ్ఞానస్నానంనాడు అమ్మకి వేసిన తెల్లబట్టకి గుర్తది. దాని కింద ఉన్నోళ్ళూ లేనోళ్ళూ ఒకటే."

"మరి నా పనితనం ఎవరు చూస్తారు?"

"అమ్మ కోసం చేశావా, నలుగురికీ చూపించడానికి చేశావా?"

తమ్ముడు పెట్టె మీద చెక్కిన పువ్వుని వేలితో తడుముతుంటే, అక్క తెల్లగుడ్డ మడత విప్పి ఒక కొస పట్టుకుంది.

"ఇంటివాళ్ళమే పరచాలి. లోపల పాట మొదలైంది. రెండో కొస పట్టుకుంటావా, లేదా?"

చేతులు చొక్కాకి తుడుచుకుని కొస అందుకున్నాడు.

"చూపించడానికే అక్కా. తప్పు నాదే."