మా తాత గోడ, బావ బండి

"తాతా, నీ మోచేతి మీద ఆ మచ్చ ఏంది? ఫోన్‌ల రికార్డు పెట్టిన, చెప్పు."

రికార్డా? అయితే గట్టిగనే చెప్త. కామాటిపురా గల్లీలన్నిటిల మోటర్ సైకిల్ ఎక్కుట్ల నన్ను మించినోడు లేడు. ఎక్కుట్లనే అంటున్న. దిగుడంటవా, బండి ఎట్ల దించితే అట్ల.

నవ్వకు. ఎనభైలల్ల ముచ్చట ఇది. బండి నాది గాదు, యాదగిరి బావది, మా అక్క మొగడు లేడా, ఆయనది. మామూలు బండి గాదు బిడ్డా. రోడ్డు మీద ఉరుకుతది, రాళ్లల్ల సుత ఎక్కుతది. సైలెన్సరు పైకి, టైర్లకు ఇంతింత గడ్డలు. ఆ ఆదివారం దాని మీదనే వర్లికి పోవాలె, నాకు పిల్లను చూసెతందుకు. పిల్లెవరంటవా? గా వంటింట్ల పోపు మాడగొడుతున్నదే, మీ నాయనమ్మ. సంబంధం మాట్లాడింది బావనే. "బండికి గీత పడ్డదో, సంబంధం కాన్సల్" అన్నడు నవ్వుకుంట. ఆయన నవ్వుకుంట అంటెనే భయం.

శనివారం పొద్దున ఆయన డ్యూటీకి పోంగనే, అడగకుండ తీస్కపోయిన, ఊరవతల రాళ్లు కొట్టే ఖదాన్‌కు. పడ్డ. ఎట్లనా... ఆగు, వస్త.

హ్యాండిల్ వంగింది, క్లచ్ పిడి మెలికపడ్డది, మోచెయ్యి గిట్ల చెక్కుకపోయింది. ఎట్లనో మేమంత ఉండే చాల్‌కు తెచ్చిన. దోస్తు జంగయ్య పాన పట్టుకొచ్చిండు. గ్యాసునూనె పోసి బురద తుడిచినం. ముందు చక్రం నా తొడల నడుమ గట్టిగ పట్టుకున్న, వాడు హ్యాండిల్‌కు పైపు తొడిగి వంచిండు. మరి మట్టం కుదిరిందని ఎట్ల తెలవాలె? మేస్త్రీల ఇండ్ల పోరగాండ్లం గదా! ఒంటికన్ను మూసి చాల్ గోడ అంచుకు చూసినం. ఆ గోడ మా తాత కట్టింది. అది వంకర అన్నోనికి మా ఇంట్ల అన్నం పెట్టం. గోడకు బరాబర్ చేసినం, ఏకదమ్ ఝకాస్! వానలకు నాని ఆ గోడ ఎప్పుడో ఫాక్‌లాండ్ రోడ్డు దిక్కు ఒరిగిందని మాకేం ఎరుక?

సాయంత్రం బావ మెరుస్తున్న బండి చూసి "కడిగినవారా? శభాష్" అని ఈపు తట్టిండు. నేను మోచెయ్యి ఎనుకకు దాచుకున్న.

తెల్లారి నన్ను ఎనుక కూసోబెట్టుకొని బావ ఎడమ భుజం కిందికేసి నడుపుతనే ఉన్నడు. "ఏంరా, ఇయ్యాల రోడ్లన్ని ఒక్క దిక్కే వాలినయి?"

"వానలు బావా."

వర్లిల బండి ఆగంగనే పిల్ల నాయన ఎదురొచ్చిండు. "బావగారికి భుజం నొప్పా?" అన్నడు. బావ దిగి హ్యాండిల్‌ను చూసిండు. నన్ను చూసిండు. అయిపాయె, పెండ్లి పాయె అనుకున్న. అప్పుడు పైన గ్యాలరీల కెల్లి ఒక గొంతు. "భుజం కాదు నాయ్నా, బండే వంకర!" అని ఒకటే నవ్వు. అదీ మేస్త్రీ బిడ్డనే గదా, కన్ను ఊకుంటదా? ఆ నవ్వుకు బావకు సుత నవ్వాగలే. "పిల్ల నవ్విందిరా, ఇగ నిన్నేం అంట" అన్నడు.

చాయ్ ఇచ్చుకుంట మీ నాయనమ్మ నా మోచేతికి ఏమైందని అడిగింది. "ఖదాన్‌ల ఇంత పెద్ద గుంత దుంకిచ్చిన" అన్న. ఇప్పటికీ చాల్‌ల అందరికి గదే చెప్పుకుంటది, పాపం.

నువ్వు సల్లగుండు బిడ్డా, నీకు నవ్వే మొగడు దొరకాలె. ఫోన్ బంద్ చేసినవా? చేసినవు గదా? ఇట్ల దగ్గరికి రా. గుంత లేదు, దుంకుడు లేదు. బండి స్టాండు మీద ఉండె. ఇంజన్ సుత బందే. ఎక్కి కూసొని, అద్దంల చూసుకుంట క్రాపు దువ్వుకుంటున్న.